ఆరు మైక్రాన్లు

"బిడ్డా, ఎక్స్‌ల నలభై, వైల ముప్ఫై అయిదు. రెండూ యాభై లోపట్నే ఉన్నయి గదా. మరి రిజెక్ట్ ఎట్లయితది?"

కాకా ఆ రోజు నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఆయన విమాన భాగాలు చేసే మా షాపులో సీఎన్‌సీ మిల్లింగ్ సెట్టర్, అంటే కంప్యూటర్ నడిపే కోత మెషీన్‌ని పనికి సిద్ధం చేసే మనిషి. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. డిప్లొమా అయిపోయి నేను ఇన్‌స్పెక్టర్‌గా కొత్తగా చేరినప్పుడు మైక్రోమీటర్ ఎంత బిగించాలో, బిగువు వేలికి ఎలా తెలుస్తుందో చేయి పట్టుకుని నేర్పింది ఆయనే. ఇప్పుడు ఆయన చేసిన పీసే నా టేబుల్ మీద ఉంది. అరచేతిలో పట్టేంత అల్యూమినియం బ్రాకెట్, దానికి పది హోల్స్. ఏడో హోల్ దగ్గర, ప్రోబ్‌తో తాకి కొలిచే సీఎంఎం మెషీన్ స్క్రీన్ ఎర్రగా చూపిస్తోంది.

కాకా చెప్పిన అంకెలు తప్పు కాదు. కానీ డ్రాయింగ్‌లో ఆ హోల్‌కి ఇచ్చింది పొజిషన్ టాలరెన్స్. అంటే 0.1 మిల్లీమీటరు వ్యాసం ఉన్న చిన్న వలయం, హోల్ సెంటర్ ఆ వలయం లోపల ఎక్కడైనా ఉండొచ్చు. అడ్డంగా ఎక్స్‌లో 0.040, నిలువుగా వైలో 0.035 జరిగితే ఏటవాలుగా జరిగిన దూరం 0.053 అవుతుంది. వలయం వ్యాసంతో పోల్చడానికి దాన్ని రెండింతలు చేస్తే 0.106. వలయం దాటిపోయింది. అటూ ఇటూ యాభై యాభై అని లెక్కేసుకుంటే మనసులో వచ్చేది చతురస్రం. వలయానికీ చతురస్రానికీ మధ్య నాలుగు మూలల్లో కాస్త జాగా మిగులుతుంది. ఏడో హోల్ సరిగ్గా ఆ మూలలో కూర్చుంది. హోల్ సైజుని బట్టి అదనంగా దొరికే వెసులుబాటు, బోనస్ టాలరెన్స్ కూడా డ్రాయింగ్‌లో లేదు, ఉంటే అక్కడితో అయిపోయేది.

దాటింది ఆరు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరుని వెయ్యి భాగాలు చేస్తే అందులో ఆరు. తల వెంట్రుక మందంలో సుమారు పదో వంతు.

అది నెలాఖరు. ఆ బ్యాచ్‌లో 24 పీసులు, అందులో అయిదింటికి ఏడో హోల్ ఇలాగే ఉంది. డిస్పాచ్ వ్యాన్ గేటు దగ్గర నిలబడి ఉంది. ప్రొడక్షన్ మేనేజర్ రెండుసార్లు ఫోన్ చేశారు. "ఏమైందమ్మా, ఇంకా ఎంతసేపు?" అని మాత్రమే అడిగారు. ఎవరూ నన్ను అబద్ధం రాయమనలేదు. నేను పీసు తీసి, తుడిచి, మళ్లీ పెట్టి కొలిచాను. 0.105 వచ్చింది. ఇంకోసారి తీసి, క్లాంప్ కొంచెం మార్చి, డేటమ్, అంటే కొలత మొదలుపెట్టే ఆధారం, తీసుకునే పాయింట్లు కాస్త జరిపి కొలిచాను. 0.098. స్క్రీన్ పచ్చబడింది. ఆ రిపోర్టు ప్రింట్ తీసి, నా నంబరున్న స్టాంపు వేశాను. మిగిలిన నాలుగింటికీ అదే చేశాను. వ్యాన్ వెళ్లిపోయింది. కాకా క్యాంటీన్లో నాకు టీ తెప్పించాడు.

ఎనిమిదేళ్లయింది. ఈ మాట ఇప్పుడు రాస్తున్నది పశ్చాత్తాపం చెప్పుకోవడానికి కాదు, అది చెప్పాల్సిన చోట అప్పుడే చెప్పాను. మా రంగంలోకి ఇప్పుడు చాలామంది పిల్లలు వస్తున్నారు. హైదరాబాద్ పక్కన ఆదిభట్లలో సీ-130జే రవాణా విమానాల తోక భాగాలు తయారవుతున్నాయి, అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. బాలానగర్, చర్లపల్లి, కుషాయిగూడ సందుల్లో రేకుల షెడ్డు కింద కోట్ల ఖరీదు చేసే ఫైవ్ యాక్సిస్ మెషీన్లు నడుస్తున్నాయి. మెషీన్ ఆపరేటర్లకు శిక్షణ ఇచ్చే సంస్థలున్నాయి. ఇన్‌స్పెక్టర్‌గా చేరే పిల్లకి గేజ్ పట్టుకోవడం నేర్పుతాం, జామెట్రికల్ టాలరెన్సులు నేర్పుతాం, మొదటి పీసుకి రాసే ఫస్ట్ ఆర్టికల్ రిపోర్టులో ఏ ఫారం ఎలా నింపాలో నేర్పుతాం. నెలాఖరు సాయంత్రం ఆరు గంటలకి, వ్యాన్ గేటు దగ్గర ఉన్నప్పుడు, 0.106 వస్తే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ నేర్పరు.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. పీసు బాగుందా లేదా అని తేల్చడం ఇన్‌స్పెక్టర్ పని కాదు. కొలిస్తే ఎంత వచ్చిందో అంత రాయడం మా పని. వినడానికి ఇది చాలా చిన్న విషయంలా ఉంటుంది. కానీ మా షాపుల్లో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ రెండు పనుల్నీ కలిపేయడం వల్లే జరుగుతాయని నా అనుభవం.

ముందు కొలవడం అంటే ఏమిటో కొంచెం చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్లకి అది స్కేలు పెట్టి చూసినంత తేలిక అనిపిస్తుంది. ప్రపంచమంతా పొడవు కొలతలకి 20 డిగ్రీల సెల్సియస్‌ని ప్రమాణంగా పెట్టుకుంది. డ్రాయింగ్‌లో 420 మిల్లీమీటర్లు అని ఉంటే 20 డిగ్రీల దగ్గర 420 అని అర్థం. మే నెల మధ్యాహ్నం మా షాప్ ఫ్లోర్ 38 డిగ్రీలుంటుంది. అల్యూమినియం ఒక్కో డిగ్రీకి మీటరుకి సుమారు 23 మైక్రాన్లు సాగుతుంది. ఆ లెక్కన 420 మిల్లీమీటర్ల పీసు అక్కడ 0.17 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవుంటుంది. ఆపరేటర్ చేతిలోని స్టీల్ వెర్నియర్ కూడా అదే వేడిలో ఉంది కాబట్టి అదీ సాగుతుంది, కానీ స్టీలు సాగేది అందులో సగమే. కాబట్టి ఇంకా 0.09 వరకు తేడా మిగిలిపోతుంది. ఆ కొలతకి ఇచ్చిన టాలరెన్స్ 0.05. ఆపరేటర్ నిజాయతీగా కొలిచి, నిజాయతీగా 420.00 అని రాసి పంపుతాడు. అదే పీసు మా ఏసీ గదిలో గ్రానైట్ టేబుల్ మీద రాత్రంతా పడుకుని పొద్దునకి పొట్టిదైపోతుంది. అప్పుడు గొడవ. "నిన్న నేను చూసినప్పుడు కరెక్టుగానే ఉండె" అంటాడు. ఆయన చెప్పేది నిజమే, నేను చెప్పేదీ నిజమే.

ఇలాంటి పని ఇది. చేతి చెమట తగిలితే, కొలతలు సరిచూసుకునే స్టీల్ దిమ్మె, స్లిప్ గేజ్ మీద మర్నాటికి తుప్పు మచ్చ వస్తుంది. డీబరింగ్ సరిగ్గా చెయ్యక హోల్ అంచున కంటికి కనపడని ముళ్లు మిగిలితే సీఎంఎం ప్రోబ్ చివర ఉన్న కెంపు గోళీ దాన్నే తాకి తప్పు చెబుతుంది. కాబట్టి ఒకసారి వచ్చిన అంకెని అనుమానించడం, మళ్లీ కొలవడం తప్పేమీ కాదు. మంచి ఇన్‌స్పెక్టర్లు అదే చేస్తారు. నా తప్పు అక్కడ లేదు. 0.106 వచ్చినప్పుడు మూడుసార్లు కొలిచాను. అదే రోజు ఇంకో పీసు 0.099 వచ్చింది. దాన్ని రెండోసారి కొలిచానా? లేదు. పచ్చగా కనపడగానే పక్కన పెట్టేశాను. మెషీన్ పొరపాటు అయిదారు మైక్రాన్లు ఉండొచ్చని నమ్మేదాన్నయితే 0.099ని కూడా అంతే అనుమానించాలి కదా. ఫెయిలైన దాన్ని పాసయ్యే దాకా కొలిచి, పాసైన దాన్ని ఒక్కసారితో వదిలేస్తే, ఒక్క అంకె కూడా కల్పించకుండానే రిపోర్టు మొత్తాన్ని అబద్ధం చెయ్యొచ్చు. నేను చేసింది అదే.

క్వాలిటీ వాళ్లు దీన్ని ఫ్లించింగ్ అంటారు. పరిమితి దగ్గరికి వచ్చేసరికి కొలిచే మనిషి జంకడం. ఏ షాపులోనైనా ఏడాది పాత రిపోర్టులు తీసి ఒక కొలతకి గ్రాఫ్ గీసి చూడండి. 0.1 పరిమితి అయితే 0.096, 0.097, 0.098, 0.099 దగ్గర అంకెలు కుప్ప పోసినట్టుంటాయి. 0.101 నుంచి 0.106 దాకా ఒక్కటీ ఉండదు. ఆ తర్వాత ఎక్కడో 0.12 దగ్గర ఒకటో రెండో రిజెక్షన్లు, దాచడానికి వీలు లేనంత పెద్దవి. ఏ మెషీనూ అలా తయారు చెయ్యదు. డ్రిల్లుకి మన పరిమితి ఎక్కడుందో తెలియదు. ఆ ఖాళీ మనుషులు చేసింది.

మా నాయినది నల్లగొండ దగ్గర ఊరు, వరి రైతు. వడ్లు కొనే సెంటర్ దగ్గర కాటా మీద బస్తా పెడితే చూపించేది ఒకటి, చిట్టీ మీద రాసేది ఇంకొకటి. తేమ అని, తాలు అని, తరుగు కింద బస్తాకి కిలో, రెండు కిలోలు కొట్టేసేవాళ్లు. నాయిన దగ్గర దానికి జవాబు ఉండేది కాదు. తేమ ఎక్కువుంటే ఎక్కువుందని రాయండి, దానికి ఎంత కోస్తారో అదీ రాయండి, కాటా మీద కనపడ్డది మాత్రం కనపడ్డట్టు రాయండి అనేవాడు. చిన్నప్పుడు ఆ కాటా పక్కన నిలబడి ఆ మాటలు విన్నదాన్ని. స్టాంపు వేసిన రోజు నాకు ఆ కాటా గుర్తుకు రాలేదు. మూడు నెలల తర్వాత వచ్చింది.

మూడు నెలల తర్వాత అదే బ్రాకెట్ మళ్లీ లైన్లోకి వచ్చింది, ఈసారి 40 పీసులు. ఏడో హోల్ 0.131, 0.138, 0.14. ఈసారి ఎన్నిసార్లు కొలిచినా పచ్చబడలేదు. మెటీరియల్ బయటి దేశం నుంచి మిల్ సర్టిఫికెట్‌తో వచ్చిన 7075 అల్యూమినియం, తక్కువ ఖరీదు కాదు. 40 పీసులూ ఎర్ర డబ్బాలోకి పోయాయి. కారణం వెతకడానికి నాలుగు రోజులు పట్టింది. చివరికి తేలింది, పీసుని మెషీన్ మీద బిగించే ఫిక్స్‌చర్‌లో దాన్ని నిలబెట్టే డోవెల్ పిన్ ఒక పక్క అరిగిపోయిందని. కంటికి కనపడదు, వేలితో తడిమితే చిన్న మెట్టులా తగులుతుంది. పీసు ప్రతిసారీ ఆ అరుగు వైపు ఒరిగి కూర్చుంటోంది.

పిన్ ఒక్క రోజులో అరగదు. మూడు నెలల క్రితం అది ఆరు మైక్రాన్ల మేర చెప్పింది. నేను వినిపించకుండా చేశాను. ఆ 0.106ని ఉన్నదున్నట్టు రాసి ఎన్‌సీఆర్, అంటే పీసు డ్రాయింగ్ ప్రకారం లేదని చెప్పే రిపోర్టు, ఎత్తి ఉంటే, కారణం ఏమిటని ఎవరో ఒకరు ఫిక్స్‌చర్ విప్పేవాళ్లు. వందల రూపాయల్లో పోయే పిన్‌తో అయిపోయేది.

అది తెలిసే లోపే ఇంకో సంగతి జరిగింది. కారణం దొరకని ఆ నాలుగు రోజుల్లో తప్పు కాకా మీద పడింది. ఆఫ్‌సెట్, అంటే పీసు ఎక్కడుందో మెషీన్‌కి చెప్పే అంకె, తప్పు పెట్టాడన్నారు. పాత బ్యాచ్ అంతా పాసైంది, రిపోర్టులు ఉన్నాయి, కాబట్టి ఫిక్స్‌చర్ బాగుంది, మనిషే తప్పు చేశాడు. వాదన చాలా బలంగా ఉంది. దానికి ఆధారం నా స్టాంపు. ఆయన ఆ నెల ఇన్సెంటివ్ కోసేసి నైట్ షిఫ్టుకి మార్చారు. ఆ రోజు 0.098 ప్రింట్ తీసినప్పుడు ఆయనకి మేలు చేస్తున్నాననే అనుకున్నాను. నిజం చెప్పాలంటే నా భయంతో పాటు ఆ ఆలోచన కూడా ఉంది, పెద్దాయన, పాపం, గింత దానికి ఎందుకు అని.

క్వాలిటీ మేనేజర్ దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కస్టమర్‌కి నోటీసు వెళ్లింది, ఫలానా బ్యాచ్‌లో అయిదు పీసులు టాలరెన్స్ దాటి మీ దగ్గరికి వచ్చాయి అని. నాకు వార్నింగ్ లెటర్ ఇచ్చారు, అది న్యాయమే. పది రోజుల తర్వాత కస్టమర్ ఇంజినీర్ల నుంచి జవాబు వచ్చింది. ఆ అయిదూ ఉన్నవి ఉన్నట్టు వాడుకోవచ్చు, నష్టం లేదు. కాకాని డే షిఫ్టుకి తెచ్చారు. ఇన్సెంటివ్ డబ్బులు మాత్రం తిరిగి రాలేదు.

ఇక్కడే చాలామంది నన్ను ఆపుతారు. చూశావా, వాడుకోవచ్చు అన్నారు కదా, మరి ఆరు మైక్రాన్లకి అంత రాద్ధాంతం ఎందుకు? డిజైన్‌లో ఎలాగూ మార్జిన్ ఉంటుంది కదా?

మార్జిన్ ఉంటుంది, నిజమే. అది ఎంతో తెలుసుకుందాం. ప్రయాణికుల విమానాల నిర్మాణానికి నియమాలు అడిగే సేఫ్టీ ఫ్యాక్టర్ సాధారణంగా 1.5. విమానం జీవితంలో ఎదురయ్యే అతి పెద్ద లోడ్ అనుకున్నదానికి ఒకటిన్నర రెట్లు తట్టుకోవాలి, అంతే. నేల మీద కట్టే చాలా కట్టడాలకీ యంత్రాలకీ అంతకంటే ఎక్కువే పెట్టుకుంటారు, బరువు పెరిగినా నష్టం లేదు కాబట్టి. గాల్లోకి లేవాల్సిన వస్తువుకి ఆ వీలు లేదు. ఆ సగం రెట్టు కూడా ఊరికే పడి ఉన్న డబ్బు కాదు. మెటీరియల్‌లో ఉండే తేడాలకి, లెక్కల్లో ఉండే అంచనాలకి, అనుకోని గాలివానకి దాన్ని ముందే పంచి పెట్టారు. అందులోంచి మనం తీసి ఖర్చు పెడితే, ఆ ఖర్చు ఎక్కడా రాయకపోతే, దాన్నే ఇంకెవరో కూడా ఖర్చు పెట్టొచ్చు. మా బ్రాకెట్ ఏడో హోల్‌కి ఎదురుగా బిగించే భాగం ఇంకో దేశంలో ఇంకో షాపు చేస్తుంది. అక్కడ కూడా ఎవరో ఒక అమ్మాయి అదే సాయంత్రం "గింతే గదా" అనుకుని ఉండొచ్చు. మా ఇద్దరి అంకెలూ చూడగలిగేది డిజైన్ ఇంజినీరు ఒక్కరే, అదీ మేము రాస్తేనే. వాడుకోవచ్చు అని ఆయన చెప్పడానికీ నేను అనుకోవడానికీ మధ్య ఉన్న తేడా ఇదే. ఆయనకి ఆ హోల్ మీద ఎంత లోడ్ పడుతుందో తెలుసు. నాకు తెలియదు. ఈ పనిలో పదకొండేళ్ల తర్వాత కూడా తెలియదు. మాకు డ్రాయింగ్ ఇస్తారు, లెక్కలివ్వరు.

2010 నవంబర్ 4న సింగపూర్ నుంచి సిడ్నీకి బయల్దేరిన క్వాంటాస్ 32 విమానం సంగతి మా రంగంలో ఉన్న ప్రతి ఒక్కరూ చదవాలి. ఎయిర్‌బస్ ఏ380, అందులో 469 మంది. పైకి లేచిన కొద్ది నిమిషాలకే, ఇండోనేషియాలోని బాటం దీవి మీద ఉండగా, రెండో నంబరు ఇంజిన్ పేలిపోయింది. లోపల తిరుగుతున్న టర్బైన్ డిస్క్ ముక్కలై ఇంజిన్ కవచాన్ని చీల్చుకుని రెక్కలోంచి దూసుకుపోయింది, వైర్లు తెగాయి, ఇంధనం కారింది. పైలట్లు దాదాపు రెండు గంటలు కష్టపడి విమానాన్ని మళ్లీ సింగపూర్‌లోనే దించారు. ఒక్కరికీ గాయం కాలేదు. దించాక కూడా ఒకటో నంబరు ఇంజిన్ ఆగలేదు, దాన్ని ఆపే వైర్లు తెగిపోయాయి, ఫైర్ సిబ్బంది గంటల తరబడి నీళ్లూ నురగా కొట్టి ఆపాల్సి వచ్చింది.

ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ విచారణ 2013 జూన్‌లో పూర్తయింది. వాళ్లు వెనక్కి వెనక్కి వెళ్లి చేరింది ఒక చిన్న నూనె పైపు దగ్గరికి. బేరింగ్‌కి నూనె తీసుకెళ్లే ఆ పైపు లోపల రంధ్రాన్ని కొంత మేర వెడల్పు చేసిన చోటు, కౌంటర్‌బోర్, సెంటర్ తప్పింది. సెంటర్ తప్పితే ఒక పక్క గోడ మందమూ, ఇంకో పక్క పల్చనా అవుతుంది. పల్చటి పక్క పదే పదే పడే ఒత్తిడికి, ఫెటీగ్‌తో పగిలింది, నూనె కారింది, మంట లేచింది, డిస్క్ పోయింది. కారణం చాలా నేరుగా ఉంది. కానీ ఆ విచారణలో నా గుండె ఆగిన చోటు అది కాదు. కౌంటర్‌బోర్ ఎక్కడుందో చెక్ చేసింది డిజైన్ చెప్పిన డేటమ్ నుంచి కాదు, తయారీకి పెట్టుకున్న వేరే డేటమ్ నుంచి. ఆ దారిలో పట్టుబడాల్సిన తేడా పట్టుబడలేదు. దానితో పాటు విచారణ ఇంకో మాట రాసింది. తయారీ సిబ్బంది తాము చిన్నవని అనుకున్న తేడాలను పైకి చెప్పకుండా వదిలేయడం ఆ ఫ్యాక్టరీలో మామూలైపోయింది అని.

అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అది బ్రిటన్‌లో, రోల్స్ రాయిస్ ఫ్యాక్టరీ. మా దగ్గర ఏదైనా తేడా వస్తే "ఫారిన్ వాళ్ల దగ్గర ఇట్లా ఉండదు" అంటాం. అక్కడ కూడా ఎవరో పెద్దాయన "ఏం గాదు" అని ఉంటాడు, ఎవరో స్టాంపు వేసి ఉంటారు. డేటమ్ పాయింట్లు జరిపి 0.098 తెప్పించిన నా చేతికి ఆ పేరా బాగా అర్థమైంది.

రాయకపోవడం ఎంత దూరం పోతుందో 2024 జనవరి 5న ఇంకోసారి చూశాం. అలాస్కా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 మ్యాక్స్ 9, పోర్ట్‌లాండ్ నుంచి లేచిన కాసేపటికి ఒక డోర్ ప్లగ్, అంటే వాడని తలుపు జాగాలో బిగించే మూత, ఊడి గాల్లోకి ఎగిరిపోయింది. దాన్ని పట్టి ఉంచాల్సిన నాలుగు బోల్టులు లేవు. ఫ్యాక్టరీలో పక్కనున్న రివెట్లు బాగు చెయ్యడానికి ఆ ప్లగ్ తెరిచారు. తెరిచినట్టు రికార్డు రాయలేదు. రికార్డు లేదు కాబట్టి మూసిన తర్వాత వచ్చి చెక్ చేసే ఇన్‌స్పెక్షనూ లేదు. ప్లగ్‌ని ఆనుకుని ఉన్న రెండు సీట్లలో ఎవరూ కూర్చోకపోవడం అదృష్టం.

ఇప్పుడు ఇంకో పక్క కూడా మాట్లాడాలి. లేకపోతే ఇదంతా ఇన్‌స్పెక్టర్ల నిజాయతీ మీద ఉపన్యాసంలా అయిపోతుంది, అది నాకు ఇష్టం లేదు. 0.106 రాయడానికి నాకు ధైర్యం చాలలేదు. మరి దానికి ధైర్యం ఎందుకు అవసరమైంది? థర్మామీటర్ చూసి 102 అని రాయడానికి నర్సుకి ధైర్యం అవసరం లేదు కదా.

నేను అప్పుడు పని చేసిన చోట ఇన్‌స్పెక్షన్ వాళ్లం ప్రొడక్షన్ మేనేజర్ కింద ఉండేవాళ్లం. క్వాలిటీ మేనేజర్ పేరుకి ఉన్నారు, ఆడిట్ రోజు ఆర్గనైజేషన్ చార్ట్‌లో గీత ఆయన దాకా వెళ్లేది. సెలవు ఇవ్వాల్సింది, ఇంక్రిమెంట్ రాయాల్సింది మాత్రం ప్రొడక్షన్. నెలకి ఎన్ని పీసులు డిస్పాచ్ అయ్యాయన్నదాని మీదే అందరి ఇన్సెంటివ్, నాది కూడా. పీసు ఆపితే నా డబ్బులు కూడా ఆగుతాయి. ఇలా అమర్చి పెట్టి మనిషిని నిజాయతీగా ఉండమనడం, పిల్లి మెడలో గంట కట్టమని ఎలుకకి చెప్పడమే. చిన్న షాపు యజమానులు దీన్ని ఒక్క రోజులో మార్చొచ్చు. దానికి డబ్బు ఖర్చు కాదు. ఇన్‌స్పెక్టర్ జీతం, ఇన్సెంటివ్ డిస్పాచ్‌తో ముడి పెట్టకండి. ఎన్‌సీఆర్ ఎత్తిన మనిషిని, తన తప్పు తానే చెప్పుకున్న ఆపరేటర్‌ని ఆ నెల ముట్టుకోకండి.

యజమానుల కష్టం నాకు తెలియక కాదు. బాలానగర్‌లో ఇల్లు తాకట్టు పెట్టి మెషీన్ కొన్నవాళ్లు ఉన్నారు. ఒక బ్యాచ్ రిజెక్ట్ అయితే ఈఎమ్ఐ తప్పుతుంది. వాళ్ల మీద కూర్చున్న పెద్ద కంపెనీలకి కూడా ఇందులో వాటా ఉంది. "తేడా ఉంటే మాకు చెప్పండి, మేము చూసి నిర్ణయిస్తాం" అని కాంట్రాక్టులో రాస్తారు. చెప్పిన ప్రతిసారీ సప్లయర్ స్కోరులో మార్కులు కోస్తారు, జవాబు ఇవ్వడానికి వారాలు తీసుకుంటారు, ఆ వారాల ఆలస్యాన్ని మళ్లీ సప్లయర్ డెలివరీ స్కోరులోంచే కోస్తారు. చెప్పిన వాడికి దెబ్బ, చెప్పని వాడికి మంచి స్కోరు. అలాంటప్పుడు 0.099ల కుప్ప ఎందుకు పెరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. టాలరెన్స్ అవసరం లేనంత బిగువుగా ఇచ్చారనిపిస్తే, కొన్నిసార్లు అదీ నిజమే, డ్రాయింగ్ మార్చమని అడగాలి. మేము అడిగిన రెండు సందర్భాల్లో ఒకసారి మార్చారు కూడా. కొలత రాసే గడిలో ఆ వాదన చెయ్యకూడదు.

మనిషి కంటికి, ఓపికకి హద్దు ఉంటుందన్నది కూడా లెక్కలోకి రావాలి. 1989 జులై 19న అమెరికాలోని సూ సిటీ దగ్గర యునైటెడ్ 232 కూలి, అందులో ఉన్న 296 మందిలో 112 మంది చనిపోయారు. ఇంజిన్ ముందు టైటానియం ఫ్యాన్ డిస్క్ పగలడం మూలం. లోహం కరిగించిన రోజే లోపల పడిన చిన్న గట్టి మచ్చ నుంచి పగులు ఏళ్ల తరబడి పెరిగింది. కూలడానికి ఏడాదికి పైగా ముందు ఆ డిస్క్‌ని మెరిసే రంగు ద్రవంతో ఇన్‌స్పెక్షన్ చేశారు. అప్పటికే పగులు కనపడేంత ఉండాలి, కనపడలేదు. విచారణ సంస్థ ఆ ఇన్‌స్పెక్టర్‌ని దొంగ అనలేదు. మనిషి చూపుకి ఉండే పరిమితులను ఇన్‌స్పెక్షన్ పద్ధతిలో తగినంత పట్టించుకోలేదు అంది. చీకటి గదిలో ఒకే రకం డిస్కులు చూస్తూ కూర్చుంటే, ఎప్పుడూ ఏమీ దొరకని చోట ఈసారి కూడా ఏమీ ఉండదని కన్ను తనంతట తానే అనేసుకుంటుంది. మా దగ్గర పన్నెండు గంటల షిఫ్టు చివర్లో బ్లేడ్ల మీద గీతలు వెతికిస్తున్నారు, ఒక్కొక్కరితో. ఇది ఆగాలి.

ఇప్పుడు నేను వేరే షాపులో ఉన్నాను. ఇక్కడ ఇన్‌స్పెక్షన్ నేరుగా యజమాని కింద ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలకి మొదటి వారం ఒక నోటుబుక్ ఇస్తాను. ఒకే పీసుని రోజుకి మూడుసార్లు కొలిచి మూడు అంకెలూ రాయమంటాను, ఏదీ కొట్టెయ్యకుండా. పచ్చగా వచ్చినా మూడుసార్లే, ఎర్రగా వచ్చినా మూడుసార్లే. చాలామందికి మొదట్లో ఇది చాదస్తంగా అనిపిస్తుంది. రెండో వారానికి తమ చెయ్యి ఎంత అటూ ఇటూ పోతుందో తెలుస్తుంది, మెషీన్ ఎంత పోతుందో తెలుస్తుంది. 0.106 వస్తే భయపడాల్సింది వాళ్లు కాదని కూడా తెలుస్తుంది.

కాకా కూడా ఇప్పుడు ఇక్కడే. రిటైర్మెంట్‌కి రెండేళ్లుంది. మొన్న 29వ తారీఖు సాయంత్రం, డిస్పాచ్ టెన్షన్లో అందరూ పరుగెడుతుంటే, ఒక పీసుని గుడ్డలో చుట్టుకుని మా గది తలుపు తోసుకుని వచ్చాడు. ఇంకా మెషీన్ వేడి మీదే ఉంది.

"బిడ్డా, దీని మూడో హోల్ నాకు డౌట్ కొడుతున్నది. జర చూడు."

సీఎంఎం ఖాళీగానే ఉంది. నేను చెయ్యి చాపాను. ఆయన ఇవ్వలేదు. గ్రానైట్ టేబుల్ మీద, థర్మామీటర్ పక్కన, గుడ్డ విప్పి మెల్లగా పెట్టాడు.

"ఇప్పుడే వద్దు. చల్లారనియ్యి. పొద్దుగాల కొలుద్దువు."

"వ్యాన్ వచ్చింది కదా కాకా?"

"రానీ," అన్నాడు.